యాన్యుటీలపై పన్ను: ఉపసంహరణ, మార్పిడి నియమాలు – ఒక విమర్శనాత్మక పరిశీలన

యాన్యుటీ ప్రస్తుత విలువను లెక్కకట్టే పద్ధతిని ఇంతకుముందు పాఠంలో నేర్చుకొన్నారు. అక్కడ యాన్యుటీ అంటే సమాన కాలవ్యవధుల్లో వచ్చే సమాన మొత్తాల వరుస, అంతే. పన్ను విధించే దగ్గరికి వచ్చేసరికి అదే వరుస చిక్కుముడిగా మారుతుంది. చేతికి వచ్చే ప్రతి మొత్తంలోనూ రెండు భాగాలు కలిసి ఉండటమే ఇందుకు కారణం. ఒకటి, పాలసీదారుడు ఒకప్పుడు తన జేబులోంచి కట్టిన అసలు. రెండోది, ఆ అసలు మీద పెరిగిన రాబడి. అసలు తిరిగి రావడం ఆదాయం కాదు. రాబడి మాత్రమే ఆదాయం. పాలూ నీళ్లూ కలిసిన గిన్నె ముందు చట్టం హంస పని చేయాలి. ఎంత బాగా చేస్తుంది, ఎక్కడ చేయలేకపోతుంది, ఎక్కడ చేయడం మానేస్తుంది అన్నదే ఈ వ్యాసంలో మనం పరిశీలించే అంశం.

ఇందుకు అమెరికా సమాఖ్య ఆదాయపు పన్ను చట్టాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొంటున్నాం. అక్కడి ఇంటర్నల్ రెవెన్యూ కోడ్‌లోని సెక్షన్ 72 యాన్యుటీ చెల్లింపులనూ ఉపసంహరణలనూ, సెక్షన్ 1035 ఒక కాంట్రాక్టును మరొక కాంట్రాక్టుగా మార్చుకోవడాన్నీ నియంత్రిస్తాయి. ఉద్యోగ విరమణ పథకాల్లో భాగంగా కాక, పన్ను కట్టిన సొంత డబ్బుతో కొన్న యాన్యుటీల గురించే ఇక్కడ చర్చ. పన్ను కట్టని డబ్బుతో కొన్నవాటిలో చిక్కు తక్కువ, వచ్చినదంతా ఆదాయమే.

నెలసరి చెల్లింపులు: మూడు ప్రయత్నాల కథ

1934 రెవెన్యూ చట్టం ఒక మోటు పద్ధతి పెట్టింది. యాన్యుటీ కొనుగోలు ధరలో 3 శాతానికి సమానమైన మొత్తాన్ని ఏటా ఆదాయంగా పరిగణించాలి. మిగిలినదాన్ని, అసలు మొత్తం తిరిగి వచ్చేంతవరకు, పన్ను లేకుండా వదిలేయాలి. లెక్క సులువే. కాని అసలు తిరిగి వచ్చేసిన మరుసటి సంవత్సరం నుంచి చెల్లింపు మొత్తానికి ఒక్కసారిగా పన్ను పడేది. అప్పటికి ఆ వ్యక్తి వయసు ఎంత ఉంటుంది? ఎనభైకి అటూ ఇటూ. మందుల ఖర్చు పెరిగే వయసులోనే పన్ను కూడా పెరగడం ఈ పద్ధతిలోని ప్రధాన లోపం.

1954 కోడ్ ఈ పద్ధతిని తీసివేసి మినహాయింపు నిష్పత్తిని ప్రవేశపెట్టింది. పెట్టుబడిని ఆశించిన మొత్తం రాబడితో భాగిస్తే వచ్చేదే ఈ నిష్పత్తి. ఒక ఉదాహరణ చూద్దాం. 65 ఏళ్ల వ్యక్తి 1,00,000 డాలర్లు కట్టి, బతికినంతకాలం నెలకు 600 డాలర్లు, అంటే ఏడాదికి 7,200 డాలర్లు ఇచ్చే యాన్యుటీ కొన్నాడనుకొందాం. ప్రభుత్వ పట్టిక ప్రకారం 65 ఏళ్ల వయసుకు గుణకం 20. కాబట్టి ఆశించిన రాబడి 1,44,000 డాలర్లు. నిష్పత్తి సుమారు 69.4 శాతం. ఏటా వచ్చే 7,200లో 5,000 డాలర్లు అసలు, 2,200 డాలర్లు ఆదాయం. పన్ను ఆ 2,200కే.

చూడటానికి ఇది న్యాయంగా ఉంది, నిజానికి చాలావరకు న్యాయమే. కాని 1954 నాటి రూపంలో ఒక లొసుగు ఉండేది. పట్టిక చెప్పిన 20 ఏళ్లు దాటి బతికినవారికి కూడా అదే నిష్పత్తి కొనసాగేది. అసలు పూర్తిగా రాబట్టుకొన్న తర్వాత కూడా ‘అసలు’ పేరుతో మినహాయింపు దక్కేది. మరోవైపు తొందరగా చనిపోయినవారి మిగిలిన అసలుకు ఏ ఊరటా లేదు. 1986 పన్ను సంస్కరణ చట్టం ఈ రెండింటినీ సరిచేసింది. అసలు మొత్తం వసూలైన తర్వాత చెల్లింపు పూర్తిగా పన్నుకు లోబడుతుంది. ముందే చనిపోతే, వసూలు కాని అసలును ఆఖరి రిటర్నులో తగ్గింపుగా చూపవచ్చు. పై ఉదాహరణలోని వ్యక్తి 12 ఏళ్లకే మరణిస్తే 60,000 డాలర్లు వసూలై ఉంటాయి. మిగిలిన 40,000కు తగ్గింపు వస్తుంది.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. 1986 సవరణ లెక్కను సరిచేసిందిగాని, 1934 నాటి పాత బాధను పాక్షికంగా తిరిగి తెచ్చింది. 85 ఏళ్లు దాటిన వ్యక్తికి 2,200 బదులు 7,200 డాలర్లపై పన్ను మొదలవుతుంది. అంకగణితం ప్రకారం తప్పు పట్టలేం. అయినా దీర్ఘాయువు అనే నష్టభయం నుంచి కాపాడటానికే పుట్టిన పథకంలో దీర్ఘాయువు వచ్చినప్పుడే పన్ను భారం పెరగడం గురించి కనీసం చర్చ జరగాలి. అదనపు సంవత్సరాల్లో వచ్చే సొమ్ము ముందుగా మరణించినవారి నిధి నుంచి వచ్చినదే కాబట్టి అది నిజమైన లాభమే అన్న వాదన ఉంది. ఆ వాదనే బలమైనదని ఈ రచయిత అభిప్రాయం. పన్ను పడటం సబబే, కాకపోతే అది ఒక్కసారిగా పడే తీరు సబబు కాదు.

ఉపసంహరణలు: చివర వచ్చింది ముందు పోవడం

చెల్లింపులు మొదలు కాకముందే పాలసీలోంచి కొంత డబ్బు తీసుకొంటే ఏమవుతుంది? కాస్ట్ అకౌంటింగులో సరుకు జారీకి ఫిఫో, లిఫో పద్ధతులు చదివారు కదా. పన్ను చట్టం కూడా ఆ రెండింటి మధ్యే ఎంచుకోవలసి వచ్చింది. 1982 వరకు ఫిఫో: ముందు కట్టిన అసలు ముందు బయటికి వస్తుంది, పన్ను ఉండదు. దీంతో కొందరు యాన్యుటీని పన్ను లేని బ్యాంకు ఖాతాలాగా వాడుకొన్నారు. అసలు వెనక్కి తీసుకోవడం, రాబడిని లోపలే పెరగనివ్వడం. 1982లో వచ్చిన టెఫ్రా చట్టం దీన్ని తలకిందులు చేసింది. ఆ ఏడాది ఆగస్టు 13 తర్వాత పెట్టిన పెట్టుబడులకు లిఫో వర్తిస్తుంది. ముందు రాబడి బయటికి వస్తుంది, అదంతా అయిపోయాకే అసలు. 1,00,000 కట్టి 1,60,000కు పెరిగిన పాలసీలోంచి 40,000 తీస్తే ఆ 40,000 మొత్తం ఆదాయమే. పాలసీని తాకట్టు పెట్టి అప్పు తెచ్చినా ఉపసంహరణ కిందే లెక్క. జీవిత భాగస్వామికి తప్ప మరెవరికైనా దానంగా ఇచ్చినా, లోపల పెరిగిన రాబడికి ఇచ్చినవారే పన్ను కట్టాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకు? లోపల పెరిగే రాబడికి ఏటా పన్ను లేకుండా వాయిదా వేయడం ప్రభుత్వం ఇచ్చే రాయితీ. వృద్ధాప్యం కోసం ఇచ్చిన రాయితీని మధ్యలోనే మరో పనికి వాడుకోకూడదు. ఈ వాదనలో బలం ఉంది, ఒప్పుకోవలసిందే. నిజానికి లిఫో నియమం వరకే ఆగి ఉంటే దాన్ని తప్పుపట్టడానికి పెద్దగా కారణం ఉండేది కాదు. చట్టం అక్కడ ఆగలేదు. 59½ ఏళ్లు నిండకముందు తీసిన సొమ్ములోని ఆదాయ భాగంపై మామూలు పన్నుకు తోడు జరిమానాలాంటి అదనపు పన్ను పెట్టింది. మొదట ఇది 5 శాతం. 1986లో 10 శాతమైంది. (ఆ అర సంవత్సరం వయసు నిబంధన పరీక్షల్లో విద్యార్థుల్ని తికమక పెట్టడానికే పుట్టినట్టుంటుంది!) పై ఉదాహరణలోని వ్యక్తికి 50 ఏళ్లే అయితే అదనంగా 4,000 డాలర్లు పోతాయి.

ఈ 10 శాతానికి మినహాయింపులు ఉన్నాయి: మరణం, అంగవైకల్యం, ఆయుర్దాయం ప్రకారం దాదాపు సమాన వాయిదాలుగా తీసుకోవడం వంటివి. భారీ వైద్య ఖర్చు మాత్రం ఆ జాబితాలో లేదు. ఉద్యోగ విరమణ ఖాతాల నుంచి ముందుగా తీసే సొమ్ముకు వర్తించే ఇదే తరహా అదనపు పన్నులో, ఒక పరిమితి దాటిన వైద్య ఖర్చులకు మినహాయింపు ఉంది. రెండు చోట్లా ఉద్దేశం ఒకటే, వయసు గీత ఒకటే, శాతం ఒకటే. సంస్థలో ఉద్యోగం చేసి విరమణ ఖాతా ఉన్నవారికి ఆసుపత్రి పాలైనప్పుడు చట్టం కొంత జాలి చూపుతుంది. అలాంటి ఖాతా లేక సొంత డబ్బుతో యాన్యుటీ కొనుక్కొన్న చిన్న వ్యాపారికి చూపదు. ఈ తేడాను సమర్థించే సూత్రం ఏదీ కనిపించదు. మొత్తం సెక్షన్ 72లో అన్నిటికన్నా బలహీనమైన చోటు ఇదే.

దీనితోపాటు మరో చిన్న నియమం ఉంది. చదివేటప్పుడు తేలికగా దాటిపోతాం. పాక్షిక ఉపసంహరణలో ఎంత రాబడి ఉందో లెక్కకట్టేటప్పుడు సరెండర్ ఛార్జీని పరిగణనలోకి తీసుకోరు. 1,00,000 కట్టిన పాలసీ విలువ 1,05,000 అయిందనుకొందాం. ఆ దశలో సరెండర్ చేస్తే కంపెనీ 7 శాతం, అంటే 7,350 కోస్తుంది, చేతికొచ్చేది 97,650. అంటే పాలసీదారుడు నిజానికి నష్టంలో ఉన్నాడు. అయినా అతడు 5,000 తీసుకొంటే చట్టం దృష్టిలో ఆ మొత్తం ఆదాయమే. కాగితం మీద లాభం, జేబులో నష్టం.

మార్పిడులు: తలుపు ఒకవైపే తెరుచుకొంటుంది

పాత పాలసీ నచ్చకపోతే మరో కంపెనీ పాలసీకి మారవచ్చు. మామూలుగా అయితే పాతది అమ్మినట్టే లెక్క, పన్ను పడాలి. 1954 కోడ్‌లోని సెక్షన్ 1035 ఈ పన్నును వాయిదా వేస్తుంది. జీవిత బీమాను యాన్యుటీగా, యాన్యుటీని మరో యాన్యుటీగా మార్చుకోవచ్చు. యాన్యుటీని జీవిత బీమాగా మాత్రం మార్చుకోకూడదు. కారణం ఊహించడం కష్టం కాదు. మరణించినప్పుడు వచ్చే బీమా సొమ్ముకు ఆదాయపు పన్ను ఉండదు. అటువైపు తలుపు తెరిస్తే యాన్యుటీలో వాయిదా పడిన పన్ను ఎప్పటికీ వసూలు కాదు. 2006 పెన్షన్ రక్షణ చట్టం దీర్ఘకాలిక సంరక్షణ బీమా వైపు మరో తలుపు తెరిచింది. అది 2010 నుంచి అమల్లోకి వచ్చింది.

మార్పిడి నేరుగా కంపెనీ నుంచి కంపెనీకి జరగాలి. పాత కంపెనీ ఇచ్చిన చెక్కును పాలసీదారుడు తీసుకొని, వెనుక సంతకం చేసి కొత్త కంపెనీకి ఇచ్చినా అది మార్పిడి కాదని పన్ను శాఖ 2007లో స్పష్టం చేసింది. డబ్బు ఒక్క రోజు కూడా వాడుకోలేదు, అయినా పన్ను తప్పదు. పద్ధతికి ఇంత పట్టు ఎందుకని అడగవచ్చు. హద్దు ఎక్కడో ఒకచోట గీయాలి కాబట్టి ఇది భరించదగిన కాఠిన్యమే.

మార్పిడిలో పాత అసలు కొత్త పాలసీకి బదిలీ అవుతుంది. దీనివల్ల ఒక చిత్రమైన ప్రయోజనం ఉంది. జీవిత బీమాకు 60,000 కట్టి, దాని నగదు విలువ 45,000కు పడిపోతే, సరెండర్ చేసినవారికి ఆ 15,000 నష్టం పన్ను లెక్కల్లో దక్కదు. అదే పాలసీని యాన్యుటీగా మార్చుకొంటే అసలు 60,000గానే నిలుస్తుంది. కొత్త పాలసీలో పెరిగే మొదటి 15,000కు పన్ను లేదు. నియమం తెలిసినవారికి నష్టం కూడా పనికొస్తుంది. తెలియనివారు పాలసీని సరెండర్ చేసి ఊరుకొంటారు.

పాలసీలో కొంత భాగాన్నే మార్చుకొంటే? 1998లో అమెరికా టాక్స్ కోర్టు దీన్ని కూడా సెక్షన్ 1035 మార్పిడిగానే అంగీకరించింది. వెంటనే లిఫోను తప్పించుకొనే దారి కనిపించింది. మన పాత ఉదాహరణే తీసుకోండి: అసలు 1,00,000, విలువ 1,60,000. నేరుగా 80,000 తీస్తే 60,000పై పన్ను. ముందు పాలసీలో సగాన్ని కొత్త పాలసీగా మార్చితే ఒక్కోదానిలో అసలు 50,000, విలువ 80,000. ఇప్పుడు కొత్తదాన్ని పూర్తిగా సరెండర్ చేస్తే చేతికి అదే 80,000 వస్తుంది, పన్ను మాత్రం 30,000పైనే. దీన్ని అడ్డుకోవడానికి పన్ను శాఖ 2008లో 12 నెలల నిరీక్షణ పెట్టింది. 2011లో దాన్ని 180 రోజులకు తగ్గించింది. ఆ గడువులోపు ఏ పాలసీలోంచి డబ్బు తీసినా అది నిజంగా మార్పిడేనా అని పరిశీలిస్తారు. గడువు దాటితే నిశ్చింత. దీనిపై విమర్శ సూటిగానే చెప్పాలి: రెండు లావాదేవీల సారం ఒకటే అయినప్పుడు ఆరు నెలలు ఓపిక పట్టినంత మాత్రాన పన్ను సగానికి ఎందుకు తగ్గాలి? ఒకే కంపెనీ దగ్గర ఒకే సంవత్సరంలో కొన్న యాన్యుటీలన్నిటినీ ఒకటిగా చూడాలని 1988 తర్వాతి పాలసీలకు నియమం పెట్టిన చట్టమే, వేర్వేరు కంపెనీల విషయంలో క్యాలెండరుకు లొంగిపోయింది.

అభ్యాసం: పై ఉదాహరణలో సగం బదులు పాలసీలో నాలుగో వంతు మార్చి, 180 రోజుల తర్వాత కొత్త పాలసీని సరెండర్ చేస్తే పన్నుకు లోబడే మొత్తం ఎంత? అదే మొత్తాన్ని పాత పాలసీలోంచి నేరుగా తీస్తే ఎంత?

‘పన్ను లేని మార్పిడి’ అన్న మాట అమ్మకందారుల నోట మంత్రంలా పనిచేస్తుందని కూడా చెప్పుకోవాలి. పన్ను లేకపోవచ్చు, ఖర్చు ఉంటుంది. కొత్త పాలసీతో సరెండర్ ఛార్జీల గడువు మళ్లీ మొదటినుంచి మొదలుకావచ్చు. ఏజెంటుకు కొత్త కమీషన్ వస్తుంది. అందుకే వేరియబుల్ యాన్యుటీల మార్పిడిని సిఫారసు చేసేముందు గత 36 నెలల్లో ఆ ఖాతాదారుడు మరో మార్పిడి చేశాడేమో చూడాలని బ్రోకర్ల నియంత్రణ సంస్థ ఫిన్రా తన 2330వ నియమంలో పెట్టింది. పన్ను చట్టం తెరిచిన తలుపు దగ్గర మరో సంస్థ కాపలా కాయవలసి వచ్చిందన్నమాట.

ఇంకో పోలిక క్లుప్తంగా. యాన్యుటీ లోపల వాటాల ధరలు పెరిగి వచ్చిన లాభానికీ బయటికి తీసేటప్పుడు మామూలు ఆదాయపు రేటే వర్తిస్తుంది, దీర్ఘకాలిక మూలధన లాభాల తక్కువ రేటు కాదు. వారసులకు వాటాలు వస్తే మరణించిన రోజు విలువే వారి కొనుగోలు ధర అవుతుంది. యాన్యుటీ వస్తే పాత అసలే కొనసాగి, రాబడికి వారసులు పన్ను కడతారు. వాయిదాకు అమెరికన్ చెల్లించే మూల్యం ఇది. చాలామంది కొనుగోలుదారులకు ఈ మూల్యం వాయిదా విలువకన్నా ఎక్కువే అవుతుంది.

మన చట్టం ఎక్కడ నిలుస్తుంది?

అమెరికా నియమాల్లో ఇన్ని లోపాలు ఎత్తిచూపాం. అయినా అక్కడ ఒక మూలసూత్రం ఉంది: సొంత అసలుకు పన్ను లేదు. మన దేశంలో సొంత డబ్బుతో బీమా కంపెనీ నుంచి యాన్యుటీ కొంటే, వచ్చే మొత్తమంతా ‘ఇతర ఆదాయాల’ శీర్షిక కింద పన్నుకు లోబడుతుంది. అసలునూ రాబడినీ విడదీసే నిష్పత్తి లేదు. మనకు ఆదాయపు పన్ను ఆలోచనలు ఎక్కువగా ఇచ్చిన బ్రిటన్‌లో కూడా ఒకప్పుడు ఇదే స్థితి. 1956 ఫైనాన్స్ చట్టంతో వాళ్లు కొనుగోలు చేసిన జీవిత యాన్యుటీల్లోని అసలు భాగాన్ని పన్ను నుంచి తప్పించారు. మనం తప్పించలేదు.

1961 చట్టంలోని 80సిసిసి కింద తగ్గింపు పొంది కొన్న పథకానికి ఇది సమంజసమే. కట్టేటప్పుడు పన్ను తప్పింది కాబట్టి తీసుకొనేటప్పుడు కట్టాలి. జాతీయ పింఛను వ్యవస్థలో యాన్యుటీ కొనుగోలుకు వెళ్లే మొత్తానికి అప్పుడు పన్ను లేకపోవడం, తర్వాత యాన్యుటీపై పడటం కూడా ఈ తర్కంలో ఇమిడిపోతాయి. (2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, సెక్షన్ల సంఖ్యలు మారాయి. ఇక్కడ పాత సంఖ్యలే వాడాం.) చిక్కు కొత్త పన్ను విధానంతో వచ్చింది. 2023–24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానమే సహజ ఎంపిక. అందులో 80సిసిసి తగ్గింపు లేదు. అంటే కట్టేటప్పుడూ ఊరట లేదు, తీసుకొనేటప్పుడూ లేదు. ఒకే రూపాయికి రెండుసార్లు పన్ను.

దీనికి ప్రభుత్వం వైపు నుంచి ఒక సమాధానం ఉండవచ్చు: 2025–26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయం ఉన్న నివాసికి రిబేటు వల్ల పన్ను పడదు, కాబట్టి సామాన్య పింఛనుదారుకు బాధ లేదు అని. ఇది అక్షరాలా నిజం. కాని రిబేటు ఏటా బడ్జెట్‌లో మారగల దయ. అసలుకు పన్ను వేయకూడదన్నది సూత్రం. ఒకదాని బదులు మరొకటి నిలబడదు.

యాన్యుటీలో ఏ రకాన్ని ఎంచుకోవాలన్న దానిపై కూడా ఈ నియమం ప్రభావం చూపుతుంది. కొనుగోలు ధర నామినీకి తిరిగి ఇచ్చే రకంలో నెలనెలా వచ్చేది దాదాపు వడ్డీయే; అసలు చెక్కుచెదరకుండా ఉంటుంది. దానికి పూర్తిగా పన్ను వేయడం సరైనదే. కొనుగోలు ధర తిరిగి రాని రకంలో చెల్లింపు ఎక్కువ, ఎందుకంటే అందులో అసలు కూడా కరిగి వస్తుంది. ఊహాత్మకంగా చూద్దాం: 65 ఏళ్ల ఒంటరి మహిళ 10 లక్షలు కట్టి, ధర తిరిగి రాని రకంలో ఏడాదికి 90,000 తీసుకొంటున్నదనుకొందాం. 20 ఏళ్ల గుణకంతో చూస్తే 50,000 ఆమె అసలు, 40,000 రాబడి. మన చట్టం 90,000 మొత్తాన్నీ ఆదాయం అంటుంది. వారసులు లేని, నెల గడవడమే ముఖ్యమైన మనిషికి సరిపోయే రకాన్నే చట్టం ఖరీదైనదిగా చేస్తోంది.

ఈ తేడా తెలుగు కుటుంబాల్లో కొందరికి ప్రత్యక్షంగా తగులుతుంది. అమెరికాలో ఏళ్లతరబడి పనిచేసి, అక్కడి పౌరసత్వం తీసుకోకుండా, గ్రీన్‌కార్డు వదులుకొని విజయవాడకో వరంగల్‌కో తిరిగివచ్చినవారిని తీసుకోండి. 1989లో కుదిరిన భారత–అమెరికా ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందంలోని 20వ అధికరణం ప్రకారం యాన్యుటీపై పన్ను వేసే హక్కు గ్రహీత నివసించే దేశానిదే. (అమెరికా పౌరులైతే ఆ దేశం తన హక్కును నిలుపుకొంటుంది.) ఇక్కడ పూర్తిస్థాయి నివాసి హోదా వచ్చిన తర్వాత లెక్క మన చట్టం ప్రకారమే. పై మొదటి ఉదాహరణలోని 7,200 డాలర్లలో అమెరికాలో ఉండగా పన్నుకు లోబడినవి 2,200 మాత్రమే. సముద్రం దాటి వచ్చేసరికి అదే పాలసీ, అదే చెక్కు, అదే మనిషి; పన్నుకు లోబడే మొత్తం 7,200 డాలర్లు. ద్వంద్వ పన్నును నివారించే ఒప్పందం ఏ దేశం పన్ను వేయాలో తేల్చింది. ఆ దేశం దేనిని ఆదాయం అనాలో తేల్చలేదు.